కామేశ్వరిగారు ఆగిన మంగళవారం

మంగళవారం వచ్చిందంటే విమలమ్మ పెందరాళే వంట ముగించేసేది. ముందుగదిలో మంచం ఎత్తి గోడకి ఆనించి, చాపలు పరిచి, టీవీ పెట్టె చెక్క తలుపులు తడిగుడ్డతో తుడిచేది. మల్కాపురంలో తుడవటానికి అంతూ దరీ ఉండదు. ఓడల్లోకి పోసే ఇనప రాయి దుమ్ము హార్బరు మీంచి ఎర్రగా ఎగిరొచ్చి కిటికీ ఊచల మీదా, ఆరేసిన బట్టల మీదా, ఆఖరికి ఉప్పు జాడీ మూత మీదా కూర్చునేది. ఆ పని అయ్యాక మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి కూర్చునేది. కామేశ్వరిగారి ఎదుట నలిగిన చీరతో కూర్చోవటం ఆమెకి ఇష్టం ఉండేది కాదు.

ఆ వీధిలో మొదటి టీవీ వాళ్ళదే. విమలమ్మ భర్త జ్ఞానదాసు పోర్టులో క్రేను నడిపేవాడు. పిల్లలు లేరు. హైదరాబాదు నుంచి తెలుగు కార్యక్రమాలు విశాఖపట్నానికి కొత్తగా వస్తున్న రోజులవి. క్రిస్మస్‌కి ముందు టీవీ తెచ్చుకున్నారు గానీ, బొమ్మ సరిగ్గా వచ్చేది కాదు. పక్కింటి గవర్రాజు డాబా ఎక్కి, ఎండలో మధ్యాహ్నమంతా యాంటెన్నా అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడెలగుందప్పా?" అని అరుస్తూ చివరికి బొమ్మ నిలబెట్టాడు. గవర్రాజు అలాంటివాడే. ఎవరింట్లో చావైనా పెళ్ళైనా ముందు అతనే కనిపించేవాడు.

కామేశ్వరిగారు మంగళవారం సాయంత్రాలు టీవీలో స్త్రీల కార్యక్రమం నడిపేవారు. సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో, ముడి వేసుకుని ఉండేవారు. ఆవిడ మాట్లాడటమే కాదు, వినేవారు కూడా. టీవీ ఎదురుగా కూర్చున్నవాళ్ళు తెరలోంచి ఆవిడకి కనిపించేవారు. విమలమ్మ టీ గ్లాసు ముందు పెడితే, "మీరు తాగండమ్మా, నాకు ఇప్పుడే అయింది" అనేవారు. పసిపిల్లకి విరోచనాలు తగ్గలేదని ఎవరైనా బెంగపడితే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టమని చెప్పి, పై వారం గుర్తుపెట్టుకుని ఎలా ఉందని అడిగేవారు. కరెంటు పోయి వచ్చిందంటే, "ఎక్కడ ఆగాం?" అని కనుక్కుని అక్కడి నుంచే మొదలుపెట్టేవారు. వార్తలు చదివే ఆయన మాత్రం ఎవరినీ పలకరించేవాడు కాదు. పని మీదున్న మనిషి కదా అని వీధిలో సరిపెట్టుకున్నారు.

గవర్రాజు ఇంటికీ విమలమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో గవర్రాజు, అతని భార్య సన్యాసమ్మ, చంటిపిల్లాడు, అతని మేనకోడలు కాసులమ్మ ఉండేవాళ్ళు. కాసులమ్మది భీమిలి అవతల జాలరిపల్లె. తండ్రి చేపల వేటకెళ్ళి తుపానులో తిరిగి రాలేదు. తల్లి జబ్బుచేసి పోయింది. పట్నంలో బడిలో వేస్తానని గవర్రాజు ఆ పిల్లని నాయనమ్మ దగ్గర నుంచి తీసుకొచ్చాడు. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. బడికైతే వెళ్ళలేదు. కుళాయి దగ్గర బిందెతోనూ, మిగతా వేళంతా చంకలో చంటాడితోనూ కనిపించేది.

గోడ అవతల నుంచి విమలమ్మకి బెల్టు చప్పుడు వినిపించేది. ఏడుపు వినిపించేది కాదు. ఏడిస్తే కాస్త నయంగా ఉండేదేమో, ఆ ఏడవకపోవటమే ఆమెని పట్టుకుని కుదిపేది. ఒకరోజు కుళాయి దగ్గర పిల్ల ముంజేతి మీద నల్లగా కమిలిన చారలు చూసి అడిగింది.

"చేతికేటైందే?"

"పడిపోనాను పెద్దమ్మా."

"ఎక్కడ పడ్డావు?"

"నూతికాడ."

ఆ వీధిలో నుయ్యి లేదు.

ఆ మాట జ్ఞానదాసుకి చెప్పింది విమలమ్మ. అతను అన్నం కలుపుతూ విన్నాడు. పోర్టులో అతని క్రేను కింద నిలబడి చేత్తో సైగ చేసేది గవర్రాజే. జ్ఞానదాసుకి పైనుంచి ఓడ అడుగు కనపడదు. గవర్రాజు చెయ్యి ఎటు చూపిస్తే బరువు అటు దించాలి. అన్నేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి తప్పు చూపించలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగలలేదు. ఆ చెయ్యే ఇంటికొచ్చి బెల్టు పడుతోందంటే అతనికి మింగుడు పడలేదు. వాళ్ళ పిల్ల, వాళ్ళ ఇల్లు, మనం ఏమని వెళ్ళి అడుగుతామని చివరికి అన్నాడు. వీధిలో ఎవరిని కదిపినా అదే మాట. దాంతో విమలమ్మ రోజూ సాయంత్రం ప్రార్థనలో కాసులమ్మ పేరు దేవుడికి చెప్పుకునేది. ఇక ఆయన ఒక్కడికే చెప్పేది.

ఆ మంగళవారం ముందుగది నిండిపోయింది. గవర్రాజుది ఎప్పుడూ కుర్చీయే. యాంటెన్నా నిలబెట్టినవాడని విమలమ్మే వేసేది. సన్యాసమ్మ ఆడవాళ్ళతో చాప మీద కూర్చుంది. కాసులమ్మ గుమ్మం బయట మెట్టు మీద, చంకలో చంటాడితో.

వంటలూ కుట్లూ ఈ వారం లేవని కామేశ్వరిగారు మొదట్లోనే చెప్పారు. పక్కన ఒక పిల్లల డాక్టరుని కూర్చోబెట్టుకున్నారు. ఆయన నెమ్మదైన మనిషి. ఆస్పత్రికి ఎలాంటి పిల్లలొస్తారో చెప్పుకొచ్చాడు. ఆడుకుంటూ పడితే మోకాలూ, మోచెయ్యీ, నుదురూ కొట్టుకుపోతాయనీ, వీపు మీద పక్కపక్కన గీతలు పడవనీ అన్నాడు. చాలా కాలం దెబ్బలు తిన్న పిల్లలు ఏడవటం మానేస్తారని కూడా అన్నాడు. అది వినగానే విమలమ్మ గోడ వైపు చూసింది. ఇన్నాళ్ళూ గోడ అవతల తను విన్నదానికి ఎవరో పేరు పెట్టి చెప్పినట్టయింది. పైగా అది తనొక్కతే మోస్తున్న సంగతి కాదు. హైదరాబాదు ఆస్పత్రుల్లోనూ ఉంది, టీవీలో కూర్చుని పైకి చెప్పదగ్గదీను.

గవర్రాజు ఒక్కడే చిన్నగా నవ్వాడు. పిల్లలకి ఆ మాత్రం భయం లేకపోతే మాట వింటారా అని పక్కవాడితో అన్నాడు.

కామేశ్వరిగారు అతని వైపు చూశారు. తర్వాత అతన్ని దాటి గుమ్మం వైపు చూశారు.

"పక్కింట్లో పిల్లని కొడుతుంటే అది వాళ్ళింటి గొడవ కాదు. విన్నవాళ్ళందరిదీను" అన్నారు. తర్వాత కళ్ళద్దాలు సరిచేసుకుని, "మెట్టు మీద కూర్చున్న పాప పేరేమిటండీ?" అని అడిగారు.

ఎవరూ పలకలేదు. కామేశ్వరిగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగారు.

ఆవిడ ఆగితే కార్యక్రమమంతా ఆగింది. టైము దాటిపోయింది. వార్తలు చదివే ఆయన కాగితాలు పట్టుకుని వెనక వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, ఒక స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాడు. గాజువాకలో, సీతమ్మధారలో, స్టీలు ప్లాంటు క్వార్టర్సులో, టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ అప్పుడు కామేశ్వరిగారు అలాగే మౌనంగా ఎదురుచూస్తున్నారు. ఎవరూ టీవీ కట్టెయ్యలేదు. ఏదో అడిగి జవాబు కోసం ఆగారని అందరికీ తెలిసింది. ఎవరో చెబుతారు కదా అని వాళ్ళూ కూర్చున్నారు.

విమలమ్మ గవర్రాజుని చూసింది. యాంటెన్నా గుర్తొచ్చింది. రేపు పొద్దున్న క్రేను కింద నిలబడే చెయ్యి గుర్తొచ్చింది. జ్ఞానదాసు తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతున్నాడు. తను ఇప్పుడు నోరు తెరిస్తే ఈ గోడకి అటూ ఇటూ మళ్ళీ మాటలుండవు. అయినా ఆవిడ ఎదురుచూస్తున్నారు. ఎంతసేపైనా చూసేలా ఉన్నారు.

"దాని పేరు కాసులమ్మండి" అంది విమలమ్మ. గొంతు తనది కానట్టు వచ్చింది. "దాన్ని కొడతన్నారు. నాను గోడ ఇవతల నుంచి రోజూ ఇంటన్నాను."

"చెప్పారు. మంచిదమ్మా" అన్నారు కామేశ్వరిగారు. ఆ మాటలో కోపం గానీ మెచ్చుకోలు గానీ లేదు, ఊపిరి పీల్చుకున్నట్టుంది అంతే. "కాసులమ్మా, లోపలికొస్తావా? నీకు చెప్పాలని ఉంటే చెప్పు. లేకపోతే ఊరికే కూర్చో. నేను ఇక్కడే ఉంటాను."

పిల్ల లోపలికొచ్చింది. జనం మధ్యలోంచి చంటాడితో సహా నడిచి టీవీ ఎదురుగా నిలబడింది. కాసేపు చీలమండతో రెండో కాలు గోక్కుంది.

"నా పేరు కాసులమ్మ. మా నాయనమ్మ గంగాలమ్మ. నాను పడిపోలేదు. మా మావ బెల్టుతో కొడతాడు. పని సెయ్యకపోతే కొడతాడు. సేసినా కొడతాడు. ఏడిత్తే ఇంకా కొడతాడని ఏడవను."

అంతే చెప్పింది. ఆ మాటలు ఆ గదిలో ఆగలేదు. టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ పిల్ల గొంతు వినిపించింది. మల్కాపురం స్టేషను ఎస్సై క్వార్టర్సులో అన్నం తింటూ విన్నాడు, చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. సీతమ్మధారలో పద్మావతి అనే డాక్టరమ్మ తన క్లినిక్కులో విని, ఎదురుగా ఉన్న పేషెంటుని కాసేపు ఆగమంది. భీమిలి అవతల జాలరిపల్లెలో పంచాయతీ ఆఫీసు టీవీ ముందు, ఎండు నెత్తళ్ళ చేపలు ఏరుతూ కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి గంగాలమ్మ వైపు తిరిగారు. గంగాలమ్మ అప్పటికే లేచి నిలబడింది.

గవర్రాజు కుర్చీలోంచి లేచాడు. పిల్ల అబద్ధాలు నేర్చిందనీ, తిండిపెట్టి పెంచినందుకు ఇదా అనీ అన్నాడు. మాట ఎక్కడా తడబడలేదు. "పదవే ఇంటికి" అని చెయ్యి చాచాడు.

జ్ఞానదాసు చాప మీంచి లేచి వెళ్ళి మధ్యలో నిలబడ్డాడు. ఆ చాచిన చేతిని చూశాడు.

"కూకో బావా" అన్నాడు.

"నువ్వు కూడానేటి?"

"నాను కూడాను. కూకో."

అప్పుడు సన్యాసమ్మ కదిలింది. చాప మీంచి లేచి వెళ్ళి, కాసులమ్మ చంకలోంచి తన పిల్లాడిని తీసుకుంది. ఏడాది నుంచి బరువు మోసిన కాసులమ్మ నడుము ఒక పక్కకి వంగే ఉండిపోయింది.

"నిజవే," అంది సన్యాసమ్మ టీవీ వైపు చూసి. "పిల్ల అబద్ధం ఆడలేదు." భర్త వైపు చూడలేదు.

కామేశ్వరిగారు తల ఊపారు. ఎవరు ఏం చెయ్యాలో అప్పుడు చెప్పారు. పిల్ల ఈ రాత్రికి విమలమ్మగారి ఇంట్లో ఉండాలని, ఎవరూ పిల్లని గుచ్చి గుచ్చి అడగవద్దని, డాక్టరు చూసేదాకా దెబ్బలకి పసుపూ అదీ రాయవద్దని. వీధిలో పోలీసు జీపు ఆగిన చప్పుడయ్యాక, "వార్తలు" అని పక్కకి తప్పుకున్నారు. వార్తలు చదివే ఆయన వచ్చి కూర్చుని, ఎన్నడూ లేనిది, మొదటిసారి తలెత్తి అందరికీ నమస్కారం పెట్టాడు.

తెల్లారి ఎవరూ పిలవకుండానే డాక్టరమ్మ పద్మావతి వచ్చింది. పిల్ల వీపు చూసి, చూసిందంతా కాగితం మీద రాసి ఎస్సైకి ఇచ్చింది. ఆమె వెళ్ళేలోపు గంగాలమ్మ మొదటి బస్సు పట్టుకుని దిగింది. ఒంటినిండా ఎండుచేపల వాసన. గుమ్మంలో నిలబడి మనవరాలిని చూసింది గానీ, ముట్టుకుంటే ఎక్కడ నొప్పి పుడుతుందోనని చేతులు గాలిలోనే ఆపేసింది.

"బడికెల్తన్నావనుకున్నానమ్మా," అంది. "ఒచ్చినోళ్ళందరికీ సెప్పుకున్నాను, మా పిల్ల పట్నంలో సదువుతోందని."

కాసులమ్మే వచ్చి ఆమె చీర కొంగు పట్టుకుంది.

గవర్రాజు మీద కేసు నడిచింది. సాక్షిగా విమలమ్మ కోర్టుకెళ్ళి, టీవీ ముందు చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది. రెండోసారి గొంతు తనదిలాగే వచ్చింది. సన్యాసమ్మ కూడా చెప్పింది. గవర్రాజుకి శిక్ష పడింది. వీధిలో కొందరు కొన్నాళ్ళు విమలమ్మతో మాట్లాడలేదు. మంచి మనిషిని రోడ్డున పడేసిందన్నారు. కానీ గాజువాకలో ఎవరో పక్కింటి తలుపు తట్టారని తెలిసింది. అల్లిపురంలో ఒక మేష్టారు బెత్తం తనంతట తానే విరిచి పారేశాడట. ఒకామె బస్సు దిగి విమలమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, మా పైవాటాలో ఒక పిల్లాడున్నాడు, ఎవరికి చెప్పాలి అని అడిగింది. విమలమ్మ చెప్పులు తొడుక్కుని ఆమెతో వెళ్ళింది. ఆ తర్వాత అలా చాలామందితో వెళ్ళింది.

అప్పటిదాకా విమలమ్మ ఇంట్లోనే ఉన్న పిల్లని నాయనమ్మకి అప్పగించమని కోర్టు చెప్పిన రోజు, విమలమ్మా జ్ఞానదాసూ ఇద్దరూ ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండు దాకా వెళ్ళి వాళ్ళని భీమిలి బస్సు ఎక్కించారు. జాలరిపల్లె బడిలో అప్పటికే పేరు రాయించేశానని గంగాలమ్మ చెప్పింది. కాసులమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఏడాది పాటు ఆ పిల్ల నోట అడిగినదానికి జవాబు తప్ప మాట విన్నవాళ్ళు లేరు. బస్సు కదలగానే సముద్రం ఎటు పక్క వస్తుందని అడిగింది. నాయనమ్మ చెప్పేలోపే పడవలకి రంగులెవరేస్తారని అడిగింది. తర్వాత ఇక ఆగలేదు. చంటాడికి ఎన్ని పళ్ళొచ్చాయో, పెద్దమ్మ ఇంట్లో పిల్లి ఎలా తుమ్ముతుందో, ఓడ మీద జెండాలెన్ని రంగులో, అమ్మ జుట్టు ఎలా దువ్వేదో, అన్నీ, ఒకదాని మీద ఒకటి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. గంగాలమ్మ ఒక్కసారి కూడా ఊరుకోమనలేదు. ఎడమ పక్క ఇళ్ళు, కుడి పక్క సముద్రం వెనక్కి పోతున్నాయి, భీమిలి వచ్చేసింది, పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.