పెరటి బాతులు, ఇల్లరికపు అల్లుడు

ఫణికిరణ్‌ను అత్తవారింట్లో అందరూ ఒప్పుకున్నారు, బాతులు తప్ప.

మండవల్లి దగ్గర సుబ్బరాజుగారికి చేపల చెరువులున్నాయి, ఒక్కగానొక్క కూతురు పద్మప్రియ ఉంది, పెరట్లో ఐదు హంసబాతులున్నాయి. కూతురికి తాడేపల్లిగూడెం కుర్రాణ్ణి చూసి ఇల్లరికం తెచ్చుకున్నారు. బాతుల్ని మాత్రం గుడ్డులోంచి బయటపడ్డనాటి నుంచీ ఒళ్ళో పెట్టుకుని పెంచారు. వరసలో ఎవరు ముందో చెప్పనక్కర్లేదు.

బాత్‌రూమ్ పెరటి చివర ఉంది. చిక్కంతా అక్కడే. కిరణ్ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం దిగాడంటే చాలు, మగబాతు మెడ నేలబారుగా చాచి బుసకొడుతూ వచ్చేది. దాని వెనక మిగతా నాలుగూ రెక్కలు విప్పి ఒకటే కేకలు. అల్లుడు ఖాళీ బకెట్టును డాలులా అడ్డం పెట్టుకుని, గోడవారగా నడిచి స్నానానికి వెళ్ళేవాడు.

"బాతులకి మనిషి తెలుస్తాడండీ" అనేవారు సుబ్బరాజుగారు కాఫీ తాగుతూ. "పరాయివాళ్ళని ఇట్టే పట్టేస్తాయి. మీరేం అనుకోకండి అల్లుడుగారూ."

పెళ్ళయి ఏడాది దాటినా ఆయన అల్లుణ్ణి 'మీరు' అనే అనేవారు. చెరువు మీద పనివాళ్ళ దగ్గర్నుంచి ఊళ్ళో అందరినీ 'ఏరా అబ్బాయ్' అని పిలిచే మనిషి ఆయన. ఆ మర్యాద కిరణ్‌కి గుచ్చుకునేది. అల్లుడికి మర్యాద ఎక్కువైతే ఆ ఇల్లు అతనిది కాదనే లెక్క.

"పెరట్లో బాతులకి దడి కడతాను. కుదరదంటే మా తాడేపల్లిగూడెంలో అద్దెకుందాం" అని ఒకరోజు భార్యతో తేల్చి చెప్పాడు.

"బాతుల కోసం ఇల్లు వదిలేస్తారేంటండీ?" అంది పద్మప్రియ.

"బాతుల కోసం కాదు" అన్నాడు. అంతకు మించి చెప్పడానికి సిగ్గేసింది.

సుబ్బరాజుగారు వినగానే కొట్టిపారేశారు. "నా బాతులు దడిలో ఉండేవి కావండీ." అయితే ఆ నెలలోనే ఆయనకి ఏలూరులో కంటి ఆపరేషన్ జరిగింది. దుమ్ములోకి వెళ్ళొద్దు, వంగొద్దు, నల్లకళ్ళజోడు తీయొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆయన గదికి పరిమితమయ్యారు, పెరడు అల్లుడి చేతికొచ్చింది.

కిరణ్ సరుగుడు కర్రలు పాతి, చెరువు మీద పాతబడ్డ వల తెచ్చి చుట్టూ బిగించాడు. బాతులు ఒక్క పూటలో దాన్ని ముక్కుతో ఎత్తి, కిందనుంచి దూరి వచ్చేశాయి. వల అంచు మట్టిలో పూడ్చి, పైన ఇటుకలు పేర్చాడు. ఈసారి లోపలే ఉన్నాయి గానీ, తిండి మానేసి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాయి.

"నాన్న పెడితేనే తింటాయండీ అవి" అంది పద్మప్రియ.

అప్పుడు తట్టింది కిరణ్‌కి. మావగారి మాసిన గళ్ళలుంగీ కట్టుకుని, ఆయన తువ్వాలు తలకి చుట్టి, ఆయనలాగే గొంతు సాగదీసి "దా... దా... దా..." అన్నాడు. మగబాతు తల వాల్చి అనుమానంగా చూసింది. కాసేపటికి తౌడు ముద్ద తింది. నీళ్ళ తొట్టి కూడా లోపలే పెట్టాక వాటికి దడి సంగతే పట్టలేదు. కొన్నాళ్ళకి ప్యాంటు వేసుకెళ్ళినా చేతిలోంచి తినడం మొదలుపెట్టాయి. అయినా కిరణ్ గూడెంలో అద్దె ఇంటివాళ్ళకి, ఇల్లు చూడ్డానికి ఆదివారం వస్తానని ఫోన్ చేసి చెప్పాడు. బాతులు మారాయి గానీ మావగారు మారలేదు.

శుక్రవారం సుబ్బరాజుగారు ఇక ఉండబట్టలేక పెరట్లోకి దిగారు. కొత్త తెల్లపంచె, తెల్లబనీను, నల్లకళ్ళజోడు.

"నా పిల్లల్ని జైల్లో పెట్టారండీ మీరు" అని అక్కడే ఉన్న కిరణ్‌తో అంటూ దడి గడియ తీశారు.

బాతులు బయటికొచ్చి ఆగాయి. మగబాతు మెడ నేలబారుగా చాచింది.

"ఒరేయ్, నేన్రా" అన్నారాయన.

అది బుసకొట్టి పంచె అంచు కరిచి పట్టుకుంది. మిగతావి రెక్కలు విప్పాయి. ఆయన వెనక్కి జరిగి గోడకి ఆనుకుపోయారు. కళ్ళజోడు తీద్దామని చెయ్యి లేచింది, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగింది. "నేన్రా" అన్నారు మళ్ళీ. పెంచిన చేతిని మరిచిపోయాయని ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

కిరణ్‌కి నవ్వు రావాలి. ఏడాదిగా దాచుకున్న నవ్వు. తీరా చూస్తే జాలేసింది.

"దా... దా... దా..." అన్నాడు.

మగబాతు పంచె వదిలేసి దడిలోకి నడిచింది. దాని వెనకే మిగతా నాలుగూ వెళ్ళాయి. కిరణ్ గడియ వేశాడు.

ఆ పిలుపు తనదేనని సుబ్బరాజుగారు గుర్తుపట్టారు. పంచె సర్దుకుని గోడ వదిలారు.

"ఆదివారం గూడెం వెళ్తున్నారట?"

"అవునండి మావయ్యగారూ. ఇల్లు చూద్దామని."

ఆయన అరచేత్తో చెంపలు తుడుచుకున్నారు. "నువ్వెళ్ళిపోతే వీటికి మేత ఎవడు పెడతాడ్రా కిరణూ?"

కిరణ్ గోడ మూల బోర్లించి ఉన్న బకెట్టు అందుకుని, పంపు కింద నిండా నీళ్ళు పట్టి, తీసుకెళ్ళి బాతుల తొట్టిలో పోశాడు.