అక్క కోసం అడిగిన గర్భసంచి

చిన్నకూతురికి చెవులు కుట్టించిన రోజున ప్రమీలమ్మ వచ్చి సాయిశ్రీ ఒళ్ళో పట్టుచీర, పసుపు కుంకుమ పెట్టింది. సాయిశ్రీ అక్క విజయదుర్గకు ఆమె అత్త. ఉదయగిరిలో బట్టల కొట్టు వాళ్ళు. సంబంధం ఖాయం చేసుకునేప్పుడు అలా పెడతారు, తీసుకుంటే ఒప్పుకున్నట్టే. శుభకార్యం కదా అని ఆలోచించకుండా కళ్ళకద్దుకుంది సాయిశ్రీ. తెల్లారేసరికి, చెల్లెలు తన గర్భసంచి అక్కకిస్తుందన్న కబురు బంధువులందరికీ చేరిపోయింది.

అక్కకి తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. సాయిశ్రీకి ఇద్దరు పుట్టాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఇంక సాయిశ్రీకి గర్భసంచితో పనేముందని ప్రమీలమ్మ వాదన. నీ ఇష్టమంటూ సాయిశ్రీ భర్త వెంకటేష్ తప్పుకున్నాడు. అక్క మాత్రం నోరు తెరిచి అడగలేదు. సాయిశ్రీకి అదే ఎక్కువ కష్టంగా ఉంది.

గర్భసంచి మార్పిడి చేసే చెన్నై ఆసుపత్రికి పోయేముందు పరీక్షలకని ప్రమీలమ్మ కారులో అందరూ ఆత్మకూరు వచ్చారు. సాయిశ్రీకి రెండు కాన్పులూ చేసిన డాక్టరమ్మ మిగతావాళ్ళని బయట కూర్చోమంది. ఆపరేషన్ గంటల తరబడి సాగుతుందనీ, మూత్రనాళం దెబ్బతినొచ్చనీ, ఇంతా చేసి అక్క ఒంట్లో అది నిలవకపోవచ్చనీ దాచకుండా చెప్పింది.

"ఇది మీ అక్క ప్రాణం కోసం కాదమ్మా, ఆమె కోరిక కోసం. ఆ కోరిక చిన్నదని నేననను. నీకిష్టమేనా?"

"భయంగా ఉండాది మేడమ్. నాకేమన్నా అయితే నా పిల్లల్ని ఎవురు చూస్తారు?"

"అయితే నీది సరిపోలేదని చెప్పేస్తాను. నిన్నెవరూ ఒక్క మాట అనరు."

సాయిశ్రీకి ఊపిరి వచ్చింది. లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగింది. నాది కాకపోతే ఇంకెవుర్ని అడుగుతారని అడిగింది. తల్లులు ఇచ్చినవాళ్ళూ ఉన్నారంది డాక్టరమ్మ.

అమ్మ పెంచలమ్మకి షుగరు. అయినా పెద్దకూతురు ఏడిస్తే కాదనదు. సరిపోలేదన్న అబద్ధం చాటున తాను ఒప్పుకున్నదానిలాగే ఉండిపోతే, అమ్మ జోలికి పోవద్దని చెప్పే నోరు తనకుండదు.

బయట విజయదుర్గ చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పక్కనే ప్రమీలమ్మ.

"అక్కా, సరిపోలేదని చెప్తానన్నారు మేడమ్. నేనే ఆ అబద్ధం వద్దనుకున్నా. నేనియ్యలేను. అమ్మని కూడా అడగబాకండి."

ప్రమీలమ్మ మొహం తిప్పుకుని కారు వైపు నడిచింది.

"ఆ మాటే చెప్పించి ఉంటే నమ్మేదాన్ని గదే," అంది విజయదుర్గ నెమ్మదిగా.

"నమ్మి, అమ్మ కాడికి పొయ్యేదానివి."

విజయదుర్గ లేచి నిలబడింది. చంటిదాన్ని చెల్లెలి చేతికిచ్చింది.

"పాలియ్యి. ఇందాకట్నించీ ఏడస్తా ఉండాది."

అత్త వెనకే విజయదుర్గ నడిచి వెళ్ళింది. ఆ కారులో తనూ ఎక్కాలో లేదో సాయిశ్రీకి తెలియలేదు.