రెసిన్‌లో నలక

"గిది చాయ్ జాలి వదినె. నీ పూల ఇసుక జల్లించే జాలి కాదు."

స్నేహలత ఆ జాలీని మోరీలోకి విసిరింది. తిరుమల వంగి తీసి, కుళాయి కింద కడిగి, వెలుతురుకు పట్టి చూసింది. తీగల సందుల్లో టీపొడి తప్ప ఏమీ లేదు. పూలు ఎండబెట్టే సిలికా గింజలకు ఆమె జాలీ వేరే ఉంది. పిడికి ఎర్రదారం కట్టి ఉంటుంది. ఆ సంగతి మరదలికీ తెలుసు.

"నా దానికి దారం ఉంటది, స్నేహా."

"దారం ఉంటె ఏంది? మంది పెండ్లిల వాడిన దండలు మనింట్ల ఎండవెట్టుడేంది? నీళ్లల్ల ఇడవాలె గని."

గోడకు ఆనుకుని వెల్లుల్లి ఒలుస్తున్న నర్సక్క తలెత్తలేదు. తల్లి మౌనం ఎవరి పక్షమో తిరుమలకు పదిహేనేళ్లుగా తెలుసు.

తమ్ముడు మారుతి బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు. గనిలో మందుగుండు పేల్చే గ్యాంగులో అతని పని. "పొద్దుగాలనే ఝగడా బంద్ చెయ్యుండ్రి. అక్కా, మల్లొక్కసారి చెప్తున్న. ఈ ఆర్డర్ మంచిగైతె వరండా నీకే. ఖరాబైతె ఆడ వాషింగ్ మిషన్ వెడ్త."

"ఇయ్యాల బ్లాస్టింగ్ ఎన్నింటికి తమ్మీ?"

రోజూ అడిగే ప్రశ్నే. లాల్‌పేట్‌లో గనిలో మందుగుండు పేలితే ఇంటి గోడలు అదురుతాయి, పైరేకుల నుంచి బొగ్గుపొడి రాలుతుంది. ఎండిన పూల మీద పోసిన రెసిన్, ఆ గాజులాంటి జిగురు, బిళ్లగా గట్టిపడేదాకా అదరకూడదు, దుమ్ము పడకూడదు. పేలుడు ఉన్న రోజు అది అయ్యాకే ఆమె పోస్తుంది.

"ఇయ్యాల లేదు," అన్నాడు మారుతి, తాళ్ల మీదనుంచి చూపు తీయకుండా.

వెనక వరండా ఆరడుగులు. ఒక బల్ల, ఒక తూకం, మూతలున్న డబ్బాలు. చేతి తొడుగుల్లో తిరుమల వేళ్లు చెమటకు నాని తెల్లబడేవి. ముఖానికి కట్టుకునే మాస్కు ముక్కు మీద శాశ్వతంగా ఒక గీత వేసింది. ఈ పూట పని ఆవర్‌పూర్‌లో ఉండే సుచరిత పెళ్లిదండ. గులాబీలు, లిల్లీలు, మరువం రెమ్మ, దండలో చిక్కుకుని వచ్చిన రెండు తలంబ్రాల గింజలు. ఎనిమిది రోజులు సిలికాలో పూడ్చి తీస్తే ఎర్రగులాబీ నేరేడు రంగుకు తిరిగింది. పూలన్నీ ఒకే అచ్చులో పెట్టడం తిరుమలకు అలవాటు లేదు. సగం దండ ఇంకా డబ్బాలోనే ఉంది.

తన పెళ్లిదండ ఏమైందో ఆమెకు తెలియదు. సిర్పూర్‌లో అత్తగారి మేకలు తినే ఉంటాయి. మూడేళ్లకు అక్కడినుంచి తిరిగి వచ్చింది. మరుసటేడే తండ్రి మొండయ్య గనిలో పోయాడు. ఆయన ఉద్యోగం మారుతికి రావాలంటే తల్లీ అక్కా అభ్యంతరం లేదని రాసివ్వాలి. "సంతకం వెట్టు అక్కా, ఈ ఇల్లు నీదే," అన్నాడు అప్పుడు. పెట్టింది.

మారుతి పనికి వెళ్లగానే పోసిన మొదటి పొర మధ్యాహ్నానికి వేలికి అంటీ అంటనట్టు బిగిసింది. ఇప్పుడే రెండో పొర పోయాలి. ఒంటిగంటకు రెండుపాళ్ల రెసిన్‌లో ఒకపాలు గట్టిపరిచే ద్రవం కలిపి, బుడగలు రాకుండా మెల్లగా తిప్పసాగింది. మే నెల ఎండలో కలిపిన గిన్నె పది నిమిషాలకే వేడెక్కి బిగుసుకుపోతుంది. చెయ్యి ఆపడానికి లేదు. పెరట్లో స్నేహలత తీగ మీది తడిబట్టలు గబగబా లాగడం కంటికొసతో చూసింది. తరువాత నీళ్ల బిందె మీద పళ్లెం బోర్లించిన చప్పుడు వినిపించింది.

తిరుమల సగం పోసేసరికి, పేలుడుకు ముందు మోగే గని సైరన్ మోగింది.

కలిపింది వెనక్కి పోదు. మిగిలిందంతా పోసి, గుడ్డ కోసం వెతికే సమయం లేక, రెండు చేతులూ అచ్చు మీద గొడుగులా పట్టింది. నేల కిందనుంచి దెబ్బ వచ్చింది. బల్ల అదిరింది. రేకులు గిలగిల్లాడి నల్లటి పొడి ఆమె జుట్టు మీద, ముంజేతుల మీద, వేళ్ల సందుల్లోంచి అచ్చులోకి రాలింది.

సూదితో ఎనిమిది నలకలు ఏరింది. తొమ్మిదోది గులాబీ పక్కకు దిగిపోయింది. సూది దింపితే రేక విరుగుతుంది. తిరుమల సూది పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఫోన్ తీసింది.

"సుచరితమ్మా, నీ పూల బిళ్లల నలక వడ్డది. గది నీకు ఇయ్య. సగం దండ ఉంది. ఇంకో పది దినాలు ఆగుతవా?"

"ఆగుతానండీ. మీరు చెప్పకపోతే నాకు కనిపించేదే కాదేమో," అంది అటునుంచి ఆ పిల్ల.

"నాకు కనవడ్డది," అంది తిరుమల.

సాయంత్రం ఏడింటికి నలుగురూ అన్నాలకు కూర్చున్నారు. ఎండకు బిళ్ల అప్పటికే గట్టిపడింది. తిరుమల దాన్ని అచ్చులోంచి తీసి, తెచ్చి తమ్ముడి పళ్లెం పక్కన పెట్టింది. మారుతి దాన్ని దీపానికి ఎత్తి చూశాడు.

"నలక వడ్డది కద. చెప్పిన మాట చెప్పినట్టే. రేపు మిషన్ తెస్త."

"బ్లాస్టింగ్ లేదన్నవు."

"నాకేమెరుక? సాహెబులు అప్పటికప్పుడు వెట్టిండ్రు."

"మరి నీ పెండ్లాం సైరన్ మోగకముందే పచ్చిబట్టలు ఎట్ల తీసింది? బిందె ఎట్ల మూసింది?"

పులుసు వడ్డిస్తున్న స్నేహలత గరిటె గిన్నె అంచుకు తగిలింది. నర్సక్క ఆ రోజుకు మొదటిసారి నోరు తెరిచింది. "అన్నం కాడ గీ పంచాయితేంది బిడ్డా. తిను."

"తింటున్న అవ్వా." తిరుమల ముద్ద కలిపింది. "రేపు పొద్దుగాల నేను బాబుపేట్‌కు వోతున్న. నా దోస్తు శ్రీవాణి బట్టలు కుట్టే దుకాణం ఎనక ఒక ఖోలీ కిరాయికుంది. ఆడ పైన రేకులు లెవ్వు, స్లాబు ఉంది. ఇగ ఆడనే ఉంట."

"మంది ఏమనుకుంటరు అక్కా?" గొంతు తగ్గించాడు మారుతి.

"సంతకం వెట్టినప్పుడు మందిని అడిగినమా?"

ఆమె మెతుకు మిగల్చకుండా తిని, తన పళ్లెం తనే తీసుకుని మోరీ దగ్గరికి వెళ్లింది. మారుతి పళ్లెం పక్కన ఆ బిళ్ల అలాగే ఉంది. గాజులాంటి దాని లోపల నేరేడురంగు గులాబీ, రెండు పసుపు గింజలు, వాటి మధ్య ఆవగింజంత బొగ్గు.