చింతపండుతో తోమిన నాణెం

"చింతపండుతో తోమానమ్మా. చూడు, ఎద్దు ఎంత చక్కగా బయటపడిందో!" అంటూ దత్తాత్రేయులు మాస్టారు నా అరచేతిలో నాణెం పెట్టారు.

కొల్లేరు పక్కన మా చేను దున్నుతుంటే దొరికిన రాగి నాణెం అది. రెండు వైపులా అరిగిపోయి, గీత కూడా మిగలకుండా నున్నగా ఉండేది. ఏలూరులోని మా నాణేల గ్రూపులో ఫొటోలు పెడితే ఎవరికీ అంతుపట్టలేదు. మాస్టారు మాత్రం వెంటనే ఫోన్ చేసి, "ఇంకెవరికీ చూపించకు, నాకిచ్చి వెళ్ళు" అన్నారు. అప్పుడైనా నాకు బుద్ధి ఉండాలి. పాత నాణేలు చూడడం నేర్పిన మనిషే కదా అని, తాడేపల్లిగూడెం వచ్చి మరీ ఇచ్చి వెళ్ళాను.

ఇప్పుడు నా చేతిలోని ఎద్దుకి మూపురం ఉంది, కొమ్ములున్నాయి, కన్ను కూడా ఉంది. ఇలాంటి ఎద్దులు మా గ్రూపులో అందరి దగ్గరా ఉన్నాయి.

ఒళ్ళు మండిపోయింది.

"మాస్టారూ, మొదట్లో మీరు నాకేం నేర్పారో గుర్తుందాండీ?"

"ఏం నేర్పానమ్మా?"

"మట్టయినా చిలుమైనా తోమితే పోతుంది గానీ, అరిగిపోయిన బొమ్మ ఎంత తోమినా తిరిగి రాదన్నారండీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ ఎద్దుని బల్ల మీద పెట్టి, "నా నాణెం నాకిచ్చేయండి" అన్నాను.

ఇన్నేళ్ళలో నన్ను 'అమ్మా' అని తప్ప పిలవని మనిషి, వీధి గుమ్మం వైపు చూస్తూ, "ఏ నాణెం అండీ?" అన్నారు.