పెట్రోల్ ఉంది, అడగవద్దు

ఆదివారం ఉదయం ఏడుంబావుకు బండి ఆగిపోయింది. వాటర్ ట్యాంకు గుట్ట ఎక్కే రోడ్డులో, రెండో మలుపు దగ్గర. బండి మీద ఇద్దరున్నారు. నడుపుతున్నది పళ్ళ డాక్టరు. వెనక కూర్చున్నది ఆయన భార్య. ఆమె ఒళ్ళో ఐసు సంచీ ఉంది.

ఐసు మనుషుల కోసం కాదు, ఇంజను కోసం.

"మళ్ళీనా?" అంది భార్య.

"దిగు," అన్నాడు డాక్టరు.

బండి మామగారిది. ఆయన రిటైరైన సర్వేయరు. బండి కొన్న రోజుల్లో ఆయనకు జుట్టుండేది, బండికి అద్దాలుండేవి. రెండేళ్ళ కిందటి దాకా దాని మీదే తిరిగారు. ఆ తర్వాత బండి ఒక అలవాటు చేసుకుంది. స్టార్టవుతుంది, రెండు మూడు కిలోమీటర్లు బుద్ధిగా పోతుంది, దగ్గుతుంది, ఆగుతుంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. వీధి చివర మెకానిక్కు దాన్ని ఒకసారి చూసి, ఈ కాలం బండ్లయితే తీసుకురండని చెప్పి పంపేశాడు.

మొదట పెద్దల్లుడు చెయ్యి పెట్టాడు. ఆయన వాటర్ వర్క్స్‌లో ఇంజనీరు. ఊళ్ళో నీళ్ళన్నీ తన పైపుల్లోంచే పోతాయి కాబట్టి, గొట్టం ఉన్న ప్రతి వస్తువూ తన శాఖ కిందికే వస్తుందని ఆయన లెక్క. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "వేడి. కాయిల్ వేడెక్కుతోంది," అని తేల్చేశాడు. కాయిల్ మార్చాడు. బండి ఆగింది. ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ మార్చాడు, వైర్లన్నీ పీకి కొత్తవి వేశాడు. చివరికి తన అభిప్రాయం తప్ప అన్నీ మార్చాడు. బండి ఆగుతూనే ఉంది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మామగారు తీర్పు చెప్పారు. "మధ్యలో ఆపకుండా గుట్ట మీద ట్యాంకు దాకా ఎవరెక్కిస్తే బండి వాళ్ళది. నెలాఖరు ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత పాత ఇనుము వాడిది."

"పాత ఇనుము వాడికి ఇప్పుడే కబురు పెట్టండి మావయ్యగారూ, మళ్ళీ దొరకడు," అన్నాడు పెద్దల్లుడు.

"నేను చూస్తాను," అన్నాడు చిన్నల్లుడు. అంటే పళ్ళ డాక్టరు.

అందరూ ఆయన వైపు చూశారు. ఆ ఇంట్లో ఆయన వైపు అందరూ ఒకేసారి చూడటం పెళ్ళి ఫోటో తర్వాత అదే మొదటిసారి. మామగారికి ఆయన మీద కోపమేమీ లేదు. నమ్మకం లేదంతే. గోడకి మేకు కొట్టాలన్నా పెద్దల్లుడికే ఫోన్ చేస్తారు. పన్ను కదిలితే బస్సెక్కి అవతలి పేట డాక్టరు దగ్గరికి వెళ్ళి పీకించుకుంటారు. అడిగితే, "ఇంట్లోవాళ్ళ ముందు నోరు తెరవడం నాకు మొహమాటం," అన్నారు. పెళ్ళై పదకొండేళ్ళయినా అల్లుడు ఆ నోట్లోకి తొంగిచూడలేదు. బండి గుట్ట ఎక్కితే ఆ ఇంట్లో తన మాట కూడా కుర్చీ వేసుకుని కూర్చుంటుందని డాక్టరు ఆశ.

బండిని క్లినిక్ వెనక వసారాలోకి తెచ్చుకున్నాడు. సాయంత్రం ఆఖరి పేషెంటు వెళ్ళాక తెల్లకోటు విప్పకుండానే దాని పక్కన కూర్చునేవాడు. కార్బురేటర్ రంధ్రాలను రూట్ కెనాల్ సూదులతో శుభ్రం చేశాడు. నోట్లో పెట్టే చిన్న అద్దం సైలెన్సర్‌లో పెట్టి చూశాడు. ఆ అద్దం మళ్ళీ ఎవరి నోట్లోనూ పెట్టలేదని నర్సు ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంది.

పేషెంట్లు నొప్పి అని చూపించే పన్ను ఒకటి, పుచ్చిన పన్ను మరొకటి. అది తెలిసిన మనిషే డాక్టరు. అందుకే ఎవరేది చూపించినా, అన్నీ వరసగా తట్టి చూడందే పట్టుకారు ముట్టుకోడు. బండి విషయంలో మాత్రం తోడల్లుడు చూపించిన చోటే పట్టుకున్నాడు. చెయ్యి పెడితే ఇంజను కాలింది. కాలింది కాబట్టి వేడే జబ్బనుకున్నాడు. దవడ వాచినవాళ్ళకిచ్చే ఐసు సంచీని కట్లు కట్టే గాజు గుడ్డతో కాయిల్‌కు కట్టాడు.

వైద్యం పనిచేసింది. రోజూ పొద్దున బండి తీసేవాడు. దర్జీ కొట్టు దగ్గరో మందుల షాపు దగ్గరో ఆగిపోయేది. ఐసు కట్టేవాడు. ఈలోగా ఎవరో ఒకరు తగిలేవారు.

"డాక్టరుగారూ, పెట్రోల్ ఉందా?" అనేవాడు దర్జీ, నోట్లో గుండుసూదులు తియ్యకుండానే.

"ఉందయ్యా."

"ఒకసారి చూసుకోకూడదూ?"

డాక్టరు పెట్రోల్ ట్యాంకు మూత తీసి, పళ్ళు చూసే టార్చి లోపలికి కొట్టి చూపించేవాడు. దర్జీ తల దూర్చి, "ఉందండోయ్," అని ఒప్పుకునేవాడు. మూత పెట్టి కిక్కు కొడితే బండి స్టార్టయ్యేది.

"ఐసు," అనేవాడు డాక్టరు.

మర్నాడు మందుల షాపాయన అడిగేవాడు. ఆ మర్నాడు వాకింగుకు వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన అడిగి ఊరుకోలేదు, "రిజర్వులో పెట్టావా నాయనా?" అని రెండో ప్రశ్న వేశాడు. పాలవాడు అడిగాడు. పాలవాడి వెనక సైకిల్ మీద పోతున్న మనిషి దిగి మరీ అడిగాడు. చదువుకుని, పళ్ళు పీకి, పేరు తెచ్చుకున్న తనను బండిలో పెట్రోల్ ఉందో లేదో చూసుకోనివాడి కింద జమకడుతున్నారని డాక్టరుకు మండింది. క్లినిక్ బోర్డు రాసిన ఆర్టిస్టును పిలిపించి స్టిక్కరు చేయించాడు. "ఇచ్చట పళ్ళు పీకబడును" అని రాసిన అక్షరాలతోనే, పసుపు మీద ఎరుపు: "పెట్రోల్ ఉంది. అడగవద్దు." ట్యాంకు మీద, మూత పక్కన అంటించాడు.

ఆ రోజు నుంచి అడగడం మానేశారు. చదివి, అయ్యో అన్నట్టు తల ఊపి వెళ్ళిపోతున్నారు.

ఆ రోజు నుంచే బండి ఆగితే అరగంట దాకా లేవడం లేదు. ఎండలు ముదిరాయనుకుని డాక్టరు ఐసు రెట్టింపు చేశాడు.

అలా నెలాఖరు ఆదివారం వచ్చింది. పెద్దల్లుడు మామగారినీ అత్తగారినీ తన కారులో ఎక్కించుకుని ముందే పైకి వెళ్ళాడు. ట్యాంకు గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆఖరి వైద్యంగా డాక్టరు బయల్దేరే ముందే ఐసు కట్టాడు. భార్య ఒళ్ళో ఇంకో సంచీ పెట్టాడు. అయినా రెండో మలుపులో ఆగింది.

ఫోన్ మోగింది. పెద్దల్లుడు.

"ఏం తమ్ముడూ, ఎక్కడి దాకా వచ్చారు?"

"రెండో మలుపు అన్నయ్యా."

"కదుల్తున్నారా?"

"ఆలోచిస్తున్నాం."

అవతల నవ్వు వినిపించింది. డాక్టరు ఫోన్ జేబులో పెట్టుకుని రెండో ఐసు సంచీ కట్టబోయాడు. భార్య ఇవ్వలేదు.

ఆమె కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటర్లో పనిచేస్తుంది. లైటు వెలగడం లేదని అరిచేవాళ్ళతో రోజంతా మాట్లాడుతుంది. వాళ్ళు చెప్పేది సగమే వింటుంది. మిగతా సగం తనే అడిగి తెలుసుకుంటుంది.

"ఎప్పట్నించి లేవడం లేదు?"

"నీకు తెలీదూ? రెండేళ్ళ నించి."

"ఆగడం రెండేళ్ళ నించి. నేనడిగేది లేవకపోవడం. ముందు వెంటనే లేచేదిగా?"

"పది రోజులైంది అనుకుంటా. ఎండలు..."

"ఎండల సంగతి అడగలేదు. ముందు లేచినప్పుడు ఏం చేసేవారు?"

"ఐసు పెట్టేవాణ్ణి."

"ఐసు ఇప్పుడూ ఉంది. నా చీర తడిసి ముద్దయింది. ఇంకేం చేసేవారు?"

"ఇంకేం చేస్తాను? అడ్డమైనవాళ్ళూ అడిగేవాళ్ళు, సమాధానం చెప్పేవాణ్ణి."

"ఎలా చెప్పేవారు?"

"మూత తీసి చూపించేవాణ్ణి."

ఆమె స్టిక్కరు చదివింది.

"ఇది అంటించాక మూత తీశారా?"

"బంకులో తప్ప ఎందుకు తీస్తాను? అడిగేవాళ్ళు లేరుగా."

"పెట్రోల్ ఉందా?" అంది.

"ఏంటీ?"

"అడుగుతున్నానండీ. పెట్రోల్ ఉందా?"

"నువ్వు కూడానా!"

"చూపించండి."

కోపంగానే మూత తిప్పాడు. మూత వదులవగానే లోపలి నుంచి సుయ్‌మని చప్పుడొచ్చింది. ట్యాంకు గాలి పీల్చుకుంది. ఇద్దరూ విన్నారు. డాక్టరు మూత చేత్తో పట్టుకునే కిక్కు కొట్టాడు. మొదటి కిక్కుకే బండి అందుకుంది.

డాక్టరు ఇంజను ఆపి మూతను తిరగేశాడు. జేబులోంచి పళ్ళు గీరే సూది తీశాడు. మూత మధ్యలో గాలి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. అది తెల్లగా పూడి ఉంది. గీరితే వచ్చింది. వాసన చూశాడు, గోటితో నొక్కాడు.

"కొవ్వొత్తి మైనం," అన్నాడు.

"నూనె డబ్బాకి ఒకటే చిల్లి పెట్టినట్టన్నమాట," అంది భార్య. "కాస్త కారి ఆగిపోతుంది. రెండోది పెడితే గానీ రాదు."

"అంతే. పైనుంచి గాలి లోపలికి పోకపోతే పెట్రోల్ కిందికి దిగదు."

"మరి ఐసో?"

డాక్టరు గాజు గుడ్డ విప్పి ఐసు సంచీ రోడ్డు పక్క తుప్పల్లోకి విసిరాడు. మామగారికి ఫోన్ చేశాడు.

"మావయ్యగారూ, మధ్యలో ఆగాం. కిందికి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతాం."

వెనక నుంచి పెద్దల్లుడి గొంతు వినిపించింది. "ఆగితే అయిపోయినట్టే కదండీ! ఇంకా మళ్ళీ ఏంటి?"

"నేను ఆదివారం దాకా అన్నాను," అన్నారు మామగారు. "ఆదివారం ఇంకా టిఫిన్ కూడా చెయ్యలేదు. రండి."

కిందికి దిగారు. మార్కెట్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, తిన్నగా గుట్ట ఎక్కారు. మొదటి మలుపు, రెండో మలుపు, మూడోది. బండి దగ్గలేదు. ట్యాంకు గేటు దాటి, కారు పక్కన ఆగింది. ఆపింది డాక్టరు.

పెద్దల్లుడు ముందు కాయిల్ మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి చురుక్కుమంది.

"ఐసేది?"

"పారేశాను."

"మరి ఏం మార్చావు?"

"ఏమీ మార్చలేదు అన్నయ్యా. మూతకి గాలి రంధ్రం మూసుకుపోయింది. మైనంతో."

పెద్దల్లుడు మూత వైపు చూశాడు, నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు. ఊరికి నీళ్ళిచ్చే గొట్టాలన్నిటికీ గాలి పోయే వాల్వులు పెట్టించింది ఆయనే.

"మైనం దాంట్లోకి ఎలా వచ్చింది?" అన్నారు మామగారు.

అత్తగారు ఫ్లాస్కు మూతలోకి కాఫీ వంచుతోంది. "నేనే పెట్టాను," అంది.

"నువ్వా?"

"ముందుగదిలో పెడతారు బండి. రాత్రంతా పెట్రోల్ కంపు. మీ ముక్కు పనిచెయ్యదు, నాది చేస్తుంది. ఏదో చిల్లి కనిపించింది, కొవ్వొత్తి కరిగించి మూసేశాను. కంపు తగ్గింది. మీరే కదా అన్నారు, కంపని నువ్వు ఈ మధ్య సణగట్లేదు, మంచి బండి అని?"

"రెండేళ్ళు!" అన్నారు మామగారు. "రెండేళ్ళు నన్ను బస్సుల్లో తిప్పావు కదే!"

"నాకేం తెలుసు? పెద్దబ్బాయి కాయిలన్నాడు. ఇంజనీరు చెప్పాడు కదా, కాయిలే అయ్యుంటుందనుకున్నాను. చిన్నబ్బాయి ఐసన్నాడు. డాక్టరు చెప్పాడు కదా, ఐసే అయ్యుంటుందనుకున్నాను. మైనం సంగతి నన్నెవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదన్నది నిజం.

"అయితే బండి ఆయనదే కదా నాన్నా?" అంది డాక్టరు భార్య.

"మాటంటే మాటే," అన్నారు మామగారు. బండి దగ్గరికి నడిచారు. స్టిక్కరు చదివారు. సీటు మీద ధూళి చేత్తో తుడిచారు. "తాళం ఇలా ఇవ్వండి అల్లుడుగారూ. ఇచ్చేముందు ఒకసారి చూస్తాను. దిగేటప్పుడు ఎలా ఉందో."

డాక్టరు తాళం ఇచ్చాడు. పదకొండేళ్ళలో ఆయన తనను ఒక వస్తువు అడగడం అదే మొదలు. ఇవ్వకుండా ఎలా ఉంటాడు?

మామగారు కాలు ఎత్తి అవతలికి వెయ్యడానికి కాస్త టైము పట్టింది. కిక్కు మాత్రం ఒక్కటే కొట్టారు.

"ఈ వయసులో ఒక్కరే వెళ్తారా?" అంటూ అత్తగారు ఫ్లాస్కు కూతురి చేతికిచ్చి వెనక ఎక్కింది.

"ఇప్పుడు కంపు లేదా?" అన్నారు మామగారు.

"బయట కదా. పోనివ్వండి."

బండి గేటు దాటింది. మూడో మలుపు, రెండోది, మొదటిది దాటే దాకా చప్పుడు వినిపించింది. అల్లుళ్ళిద్దరూ ట్యాంకు గోడ దగ్గర నిలబడి చూశారు. కింద మార్కెట్ రోడ్డు మీదికి వచ్చాక బండి ఇంటి వైపు తిరగలేదు. అవతలి వైపు తిరిగింది.

"పెట్రోల్ ఉందా తమ్ముడూ అందులో?" అన్నాడు పెద్దల్లుడు.

"ఫుల్లు."

వాళ్ళు గంటన్నర చూసి, కారులో ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

సాయంత్రం నాలుగింటికి డాక్టరు అత్తవారింటికి ఫోన్ చేశాడు. అత్తగారు తీసింది. ఆనకట్ట దాకా వెళ్ళి వచ్చామని, ఎక్కడా ఆగలేదని, ఆయన పడుకున్నారని చెప్పింది. సోమవారం పాత ఇనుము వాడు వచ్చాడు. వద్దని పంపేశారు. బండి మామగారి ముందుగదిలో ఉంది. తాళం ఆయన చొక్కా జేబులో ఉంది.