ఎల్లమ్మకు పెట్టేవాళ్ళు

దామోదర్ కూతురు కృతికి తొమ్మిదో తరగతిలో హిస్టరీ టీచర్ రోమన్ దేవతల పక్షం అప్పజెప్పింది. క్రీస్తు మతం పెరిగి, పాత దేవతల గుళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం మీద పాఠం. రోము సెనేటు సభలో ఉన్న విజయదేవత పీఠాన్ని ఉంచాలా, తీసెయ్యాలా అని క్లాసులో వాదన పెట్టారు. బిషప్పు వేషం ఎవరో పిల్లాడికి పోయింది. దేవతల తరఫున మాట్లాడే ముసలి సెనేటరు వేషం కృతికి వచ్చింది. ఇంట్లో మీకు చాలామంది దేవుళ్ళు ఉంటారు కదా, నీకు ఈజీగా ఉంటుంది అందట ఆ టీచర్ మహాతల్లి. ఇంకో తండ్రైతే స్కూలుకి ఫోన్ చేసి గొడవ పెట్టుకునేవాడు. దామోదర్ పండగ చేసుకున్నాడు.

చేసుకోడూ మరి. పగలు అమెరికాలోని ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ పని, సాయంత్రాలు గుడి కమిటీ పని, అదీ అతని జీవితం. ఊరి చివర పాత గోదామొకటి కొని గుడిగా మారుస్తున్నారు. ఆ కమిటీలో కుర్చీ దొరకడానికి ఏళ్ళ తరబడి వేరేవాళ్ళ కుర్చీలు మడిచాడు, ప్రసాదాల గిన్నెలు మోశాడు. ఇప్పుడు ధర్మం గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే చాలు, పూనకం వచ్చేస్తుంది.

ఆఫీసు పని అటకెక్కించి రోము మీద పడ్డాడు. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. ఒక చక్రవర్తి ఏకంగా చట్టమే చేశాడు. బలులు ఇవ్వకూడదు, గుళ్ళకు పోకూడదు. అక్కడితో ఆగాడా అంటే లేదు. ఎవరింట్లో వాళ్ళు తమ ఇలవేల్పుకి దీపం పెట్టినా, ఇంత ద్రాక్షసారా పోసినా, చెట్టుకి గుడ్డపేలిక కట్టినా నేరమేనన్నాడు.

"ఎవరింట్లో వాళ్ళు దీపం పెట్టుకుంటే వీడికేంటమ్మా నొప్పి? ఈ పాయింట్ నీ స్పీచ్‌లో రావాలి" అన్నాడు కూతురితో.

కృతి ఆ కాగితాలు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి, నానమ్మ దగ్గరికి పరిగెత్తింది.

ధనమ్మ దామోదర్ తల్లి. ఆమె మొగుడు బతికినన్నాళ్ళూ తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. దామోదర్ మాత్రం గుడిలో అందరికీ మాది వ్యవసాయ కుటుంబం అని చెప్పుకున్నాడు. ధనమ్మ అమెరికాకి వచ్చేటప్పుడు ఇంటి ఎల్లమ్మని, అరచేతిలో ఇమిడే ఇత్తడి ముఖాన్ని, చీరలో చుట్టి తెచ్చుకుంది. కల్లుగీసేవాళ్ళ తల్లి ఎల్లమ్మ. ఆమెకి కోడికూర పెట్టాలి, సాక పొయ్యాలి, అంటే ఇంత కల్లు ధార పొయ్యాలి. కోడలు విజయశ్రీ ఆ వాసన పూజగదిలో పడదని కచ్చితంగా చెప్పింది. అందుకని ఎల్లమ్మ బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన పీట మీద కూర్చుంది. కల్లు దొరకదు కాబట్టి దామోదర్ ఫ్రెండ్స్ కోసం తెచ్చిన బీరే సాక. తల్లికి అలవాటైపోయిందని ధనమ్మ నవ్వేది.

"నానమ్మ, ఆ కింగ్ చెప్పాడు, ఇంట్లో గాడ్‌కి వైన్ పొయ్యొద్దు. చెట్టుకి క్లాత్ కట్టొద్దు" అంది కృతి.

"అయ్యో. ఆ తల్లి గూడ మన ఎల్లమ్మ లెక్కనే ఉన్నది గద బిడ్డా. మరి ఆ దేవతలందరు ఏమైన్రు?"

"మ్యూజియంలో ఉన్నారు."

"ఆడ బువ్వెవరు పెడతరు?"

"ఎవరూ పెట్టరు నానమ్మ."

ఆ మాట ముసలిదాని గుండెలో ముల్లై కూర్చుంది. ఆ సాయంత్రమే కొడుకుని పిలిచింది.

"కొడుకా, నేను పోయినంక ఈమెకెవరు పెడతరు? నీ పెండ్లాం పెట్టది. నీకు తీరది. మీ గుళ్ళె ఇంత జాగ అడుగు. లోపలొద్దు. చెప్పులిడిచే కాడైన సరే. ఆడైతే వచ్చినోళ్ళు ఎవరో ఒకరు ఇంత బొట్టన్న పెడతరు."

"అడుగుతాలేమ్మా" అన్నాడు దామోదర్. అడగాలనే అనుకున్నాడు కూడా, పాపం.

శనివారం కమిటీ మీటింగుకి కృతిని వెంటబెట్టుకుని పోయాడు. స్పీచ్ అందరి ముందూ ఒకసారి చదివిద్దామని అతని ఉబలాటం. మీటింగు చివర్లో గొంతు సవరించుకున్నాడు. "కొన్ని ఫ్యామిలీస్ అడుగుతున్నాయండి. ఎల్లమ్మ తల్లిని ఓ మూల పెడితే బావుంటుందని."

ఛైర్మన్ కోటేశ్వరరావు పెద్దమనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "మంచి ఆలోచనేనండీ. కాకపోతే కల్లూ కోళ్ళూ అంటే ఆగమం ఒప్పుకోదు కదా. ఆ తల్లులు ఊళ్ళో ఉంటేనే అందం. రేపు కౌంటీ ఆఫీసు వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కొచ్చి ఇదేంటని అడిగితే ఏం చెప్తాం?" అని నవ్వుతూ, "ఇంతకీ అడిగిందెవరండీ? మీ ఇంట్లోవాళ్ళేనా?" అన్నాడు.

అందరూ దామోదర్ వైపు చూశారు. అవును, మా అమ్మ అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆ మాట వెనకాలే కల్లు వస్తుంది, తాడిచెట్టు వస్తుంది, చెట్టు మీద నాన్న కూడా వస్తాడు.

"ఛఛ. మా ఇంట్లో అలాంటివేం లేవండీ" అన్నాడు.

పక్క కుర్చీలో కాగితాలు సర్దుకుంటున్న కృతి తలెత్తి చూసింది. ఆ తర్వాత లేచి తన స్పీచ్ చదివింది. ఇంటి దేవతకి దీపం పెట్టుకోనివ్వని రాజ్యం గురించి గొంతు వణక్కుండా చదివింది. కమిటీ యావత్తూ చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చాక తల్లితో, "కుదరదన్నారమ్మా" అని మాత్రం చెప్పాడు.

స్కూల్లో వాదన కృతి గెలిచింది. క్లాసులో చాలామంది విజయదేవత పీఠం ఉండాల్సిందేనని చేతులెత్తారు. వెనకాల తల్లిదండ్రుల వరసలో కూర్చున్న దామోదర్ కళ్ళు తుడుచుకున్నాడు. కోటేశ్వరరావుకి అక్కడినుంచే ఫోన్ చేశాడు. గుడి ప్రారంభం రోజున అమ్మాయి ఇదే మాట్లాడాలి, పాత మతాలు ఎలా అంతరించాయో మన పిల్లలందరికీ తెలియాలి అన్నాడాయన. దామోదర్‌కి కాళ్ళు నేల మీద ఆనలేదు.

కారు దిగగానే కృతి నేరుగా బేస్‌మెంట్‌కి పోయింది. స్వీట్ బాక్సు పట్టుకుని దామోదరూ వెనకే దిగాడు.

"నానమ్మ, నాకు నేర్పు. ఎల్లమ్మకి ఫుడ్ ఎలా పెట్టాలి? నువ్వు లేనప్పుడు నేను పెడతాను."

దామోదర్ మెట్ల మీదే ఆగాడు. ధనమ్మ ముఖం వెలిగింది. మనవరాలి బుగ్గలు పుణికి, చేతికి పసుపు గిన్నె అందించబోయింది. అంతలో కృతి, "టెంపుల్‌లో అంకుల్ అడిగాడు, మీ ఇంట్లోవాళ్ళా అని. నాన్న నో చెప్పాడు. మా ఇంట్లో లేదు అన్నాడు. బట్ షీ ఈజ్ హియర్ కదా, నానమ్మ" అంది.

గిన్నె ధనమ్మ చేతిలోనే ఉండిపోయింది. మెట్ల మీద ఉన్న కొడుకుని చూసింది. నిజమా అని అడగలేదు. అతని ముఖం చూస్తే అడగనక్కర్లేదు. చెప్పుతో కొట్టినా ధనమ్మ ముఖం అంత చిన్నబోయేది కాదు.

"రాజు వద్దంటె జనం చాటుకు పెట్టుకొని ఉంటరు బిడ్డా. కన్నకొడుకే లేదంటె ఇంక ఈమె ఏడుంటది?" అంది మెల్లగా. "నీకొద్దు తీ. రేపు నిన్ను గూడ నలుగురిల అడుగుతరు. నువ్వు గూడ లేదనాల్సొస్తది."

"నేను అనను నానమ్మ."

"నీయంతప్పుడు మీ నాయన గూడ గట్లనే చెప్పిండు."

కృతి ఏడ్చింది. దామోదర్ ఏదో అనబోయాడు. ధనమ్మ వినిపించుకోలేదు. ఎల్లమ్మని కొంగులో కట్టుకుని పైకెక్కింది. ఫ్రిజ్ తెరిచి, కోడలు చూస్తుండగానే బీరు డబ్బా తీసుకుంది. "కారు తియ్యి. ఏటికి పోవాలె" అంది. ఆకలితో కూసోబెట్టుడు కన్న సాగనంపుడు నయమంది. దామోదర్ వద్దనలేదు. ఒక్కసారైనా వద్దని ఉండాల్సింది.

పొటోమాక్ నది ఒడ్డున పడవలు దించే చోట కారు ఆపాడు. ఎండ బాగానే ఉంది, జనం కుక్కల్ని తిప్పుకుంటున్నారు. ధనమ్మ అక్కడే కూలబడి ఎల్లమ్మకి చివరిసారి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, సాక పోసింది. తప్పాయె తల్లీ అని లెంపలు వేసుకుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగబోతూ, పాచికి కాలు జారుతుంటే, పట్టుకొమ్మని చెయ్యి వెనక్కి చాచింది.

కృతి బూట్లతోనే దూకి ఆ చెయ్యి పట్టుకుంది. దామోదర్ అప్పుడు పార్కింగ్ లాట్ వైపు తిరిగి, గుడివాళ్ళ కారేదైనా ఉందేమోనని చూసుకుంటున్నాడు.