తేదీలు కొట్టించిన గ్లాసులు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. నేను అక్షరాలు నేర్చింది మా ఆయన పోయాక, అరవై దాటిన తర్వాత. ఒక్క పేజీ రాయడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే కథ కూడా పొట్టిగానే ఉంటుంది.

చక్రధర్ టమోటా లారీ నడిపేవాడు. దూరం లోడులకు నిద్ర రాకుండా ఉండాలని తెల్ల పొడి మొదలుపెట్టాడు. ముందు పీల్చాడు, తర్వాత సూదితో ఎక్కించుకున్నాడు. ఒకే సూదిని ముగ్గురు డ్రైవర్లు వాడారు. అందులో ఒకడికి హెచ్.ఐ.వి. ఉందని తెలిసిన రోజు, చక్రధర్ భార్య కోమలి తనకూ మొగుడికీ రక్తపరీక్ష చేయించింది. ఇద్దరికీ లేదని కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, పూతలపట్టులో అమ్మగారింటికి పోయింది.

“పన్నెండు వారాలు దాన్ని ముట్టకుండా ఉండు, వస్తాను,” అంది. “ఒట్టు మాత్రం వెయ్యొద్దు. నీ ఒట్లు నా దగ్గర శానా ఉండాయి.”

తిరుపతిలో ఒక సందులో మత్తు మాన్పించే ఆసుపత్రి ఉంటే, చక్రధర్ అక్కడికి పోయాడు. ఈ పొడి మాన్పించే మాత్ర ఏదీ అక్కడ లేదు. మత్తు మానేవాళ్లతో కూర్చుని మాట్లాడే రూతు అనే ఆమె ఉంది, చీటీలున్న ఒక ప్లాస్టిక్ బిందె ఉంది. సోమవారం, గురువారం పోయి మూత్రం ఇవ్వాలి. పరీక్షలో పొడి కనబడకపోతే బిందెలో చెయ్యి పెట్టి చీటీ తియ్యాలి. వరసగా బాగా వచ్చేకొద్దీ తీసే చీటీలు పెరుగుతాయి. ఒక్కసారి తప్పితే మళ్లీ ఒకటే. సగం చీటీల మీద ‘భలే’ అని ఉంటుంది, అంతే. మిగతావాటికి స్టీలు గ్లాసో పళ్లెమో ఇస్తారు.

“లారీ డ్రైవర్ని మేడమ్. గ్లాసిచ్చి మాన్పిస్తారా?” అన్నాడు చక్రధర్ మొదటిరోజు.

“పొడి ఏమిచ్చింది అన్నా?” అంది రూతు.

చక్రధర్ ఆలోచించాడు. గ్లాసు కూడా ఇవ్వలేదు.

మొదటి గ్లాసు రాగానే, సామాను మీద పేర్లు కొట్టే సుభాన్ బాషా దగ్గరికి తీసుకుపోయాడు.

“ఏం కార్యం అప్పా? గృహప్రవేశమా, చెవులు కుట్టేదా?”

చక్రధర్ ఉన్నదున్నట్టు చెప్పాడు. బాషా మిషన్ ఆపి, గ్లాసు లోపలికి తొంగి చూశాడు.

“పోసింది దీంట్లో కాదు కదా?”

“సీసాలో, భాయ్.”

“అయితే సరే,” అని కోమలి పేరూ, కింద ఆనాటి తేదీ కొట్టాడు.

ప్రతి ఆదివారం చక్రధర్ పూతలపట్టు పోయి, గెలిచినవి ఇచ్చి వచ్చేవాడు. కోమలి వాటిని తేదీల వరసలో అలమరలో పెట్టేది. ఎవ్వరినీ తాగనిచ్చేది కాదు. పదో వారానికి ఒక అర నిండింది.

పదకొండో వారం ఒక పాత దోస్తు కనబడ్డాడు. గురువారం పరీక్షలో పొడి కనబడింది.

“సూది వాడినావా అన్నా?” అని అడిగింది రూతు.

“లేదు మేడమ్. పీల్చినాను.”

“సోమవారం రా. ఒక చీటీతో మొదలు పెడదాం,” అంది.

సోమవారం గెలిచినవి ఉన్నాయి గాని, గురువారానిది లేకుండా కోమలి ముందుకు ఎట్లా పోవాలి? చక్రధర్ అంగట్లో ఒక గ్లాసు కొని, గురువారం తేదీ కొట్టించాడు.

ఆదివారం కోమలి దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంకో చేతిలోకి పాత గ్లాసు తీసుకుంది. రెండింటినీ బొటనవేలితో నొక్కింది.

“ఇది కొన్నావు.”

“ఎవురు చెప్పినారు?”

“ఆసుపత్రోళ్లు ఇంత మందం సామాను ఎప్పుడిచ్చినారయ్యా? వాళ్లది నొక్కితే సొట్ట పడతాది. దీంతో మనిషిని కొట్టొచ్చు.”

చక్రధర్ కాస్త వెనక్కి జరిగాడు.

“ఎప్పుడు తీసుకున్యావు?”

“బుధవారం.”

“సూదా?”

“కాదు.”

కోమలి రెండు గ్లాసులూ కింద పెట్టింది. “పన్నెండు వారాలు. రేపట్నించి,” అంది.

“ఇంకో అలమర తెప్పించాల్నే,” అంది వాళ్లమ్మ వంటింట్లోంచి.

తర్వాతి ఆదివారం చక్రధర్ మూడు కాగితం ముక్కలు తెచ్చాడు. సోమవారం ఒకటి, గురువారం రెండు. మూడింటి మీదా ‘భలే’ అనే ఉంది.

“ఇంతేనా?”

“ఇంతే వచ్చినాయి.”

కోమలి వాటినీ వేళ్ల మధ్య నలిపి చూసింది. “ఇవి వాళ్లవే,” అని, మందం గ్లాసులో వేసి అలమరలో పెట్టింది. వరసలో మొదటి గ్లాసు దించి, కడిగి, కాఫీ పోసి మొగుడికిచ్చింది. పలచని గ్లాసు, వేళ్లు కాలాయి. చక్రధర్ కింద పెట్టకుండానే తాగాడు.

దేవకమ్మ, వయసు అరవై ఏడు. ఇప్పుడు ఉండేది తిరుపతి, కొర్లగుంట.